మంచులో కోళ్ళు, బురదలో కాళ్ళు

(రేడియో ప్రసంగ పాఠం)



ఈ వారం చెప్పుల గురించి మాట్లాడుకుందాం. నవ్వకండి. పెళ్ళికీ పేరంటానికీ వేసుకునే చెప్పులు కావు. చలికాలంలో పొద్దున్నే లేచి, పెరట్లో కోళ్ళగూటి దాకా వెళ్ళి, నీళ్ళు పోసి, గింజలు వేసి, గుడ్లు తీసుకుని క్షేమంగా వెనక్కి రావడానికి కావలసిన చెప్పులు.

ఈమధ్య ఇక్కడ మిషిగన్‌లో మన తెలుగువాళ్ళ పెరళ్ళల్లో కూడా నాలుగైదు పెట్టలు కనబడుతున్నాయి. ఆన్ ఆర్బర్ నగరం 2008లోనే పెరటి కోళ్ళకి అనుమతి ఇచ్చింది. అన్ని ఊళ్ళల్లోనూ ఆ వీలు లేదు కనుక మీ ఊరి నిబంధనలూ, మీ సబ్‌డివిజన్ వాళ్ళ నిబంధనలూ ముందే చూసుకోండి. 2025 మార్చిలో డజను గుడ్ల సగటు ధర 6.23 డాలర్లకి చేరినప్పుడు "మనమూ ఓ నాలుగు పెట్టల్ని తెచ్చుకుంటే పోలా" అనుకున్న ఇళ్ళు నాకు తెలిసే కొన్ని ఉన్నాయి. పిల్లలకి సరదా, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి కాలక్షేపం. గూడు కొనడానికి నెలరోజులు వెతుకుతాం, ఏ జాతి చలికి తట్టుకుంటుందో నలుగురిని అడుగుతాం. కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం గరాజ్‌లో ఏది చేతికందితే అది తొడుక్కుని వెళ్ళిపోతాం.

ఒక చిన్న లెక్క చెబుతాను. మా వెనక తలుపు నుంచి గూటికి 40 అంగలు. రోజుకి రెండుసార్లు వెళ్ళి రావాలంటే 160 అంగలు. డిసెంబరు నుంచి మార్చి దాకా 120 రోజులు అనుకుంటే 19,200 అంగలు. అందులో ఒక్కటి తప్పితే చాలు.

"కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం" అని మన సామెత. ఆ సామెత పుట్టిన ఊళ్ళో మంచు పడి ఉండదు. ఇక్కడ అరవై దాటినవాళ్ళు కాలు జారితే మణికట్టు విరగొచ్చు, తుంటి ఎముకే విరగొచ్చు. ఆరు నెలలకని వచ్చిన పెద్దవాళ్ళకి మెడికేర్ ఉండదు. వాళ్ళకోసం మనం కొన్న ఇన్సూరెన్స్ ఎంతవరకూ కడుతుందో ఆ కాయితాలన్నీ చదివితేగాని తెలియదు. కాబట్టి ఇది నవ్వుకుని వదిలేసే విషయం కాదండీ.

కోళ్ళగూటి దారిలో మన కాళ్ళకి శత్రువులు ముగ్గురు: బురద, మంచు, రెట్ట. కొట్లో బూటు కొనేటప్పుడు మనం వీటిల్లో ఏదో ఒకదాన్నే తలుచుకుంటాం. అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఒక్కొక్కటే చూద్దాం.

ముందు బురద. మిషిగన్‌లో బురదకి జనవరి కంటే మార్చి గడ్డుకాలం. పగలు ఎండకి పైన రెండంగుళాల మట్టి కరుగుతుంది, కింద నేల ఇంకా గడ్డకట్టే ఉంటుంది. నీళ్ళు కిందకి ఇంకే దారి లేదు. కోళ్ళు గోకీ గోకీ గడ్డి ఎప్పుడో పీకేసి ఉంటాయి. దాంతో గూటి ముందు స్థలం వరినాట్లకి దమ్ము చేసిన మడిలా తయారవుతుంది. అందులో మామూలు నడక బూట్లు వేసుకుని వెళితే రెండు నిమిషాల్లో మేజోళ్ళు తడుస్తాయి. తడిసిన కాలికి చలి త్వరగా పడుతుంది.

ఇక్కడ పనికొచ్చేది మన గమ్‌బూటే. దీని కథ కూడా తమాషాగా ఉంటుంది. ఇంగ్లండులో దీన్ని వెల్లింగ్టన్ బూటు అంటారు. ఆ వెల్లింగ్టన్ మనకి తెలియనివాడేం కాదు. 1799లో టిప్పు సుల్తాను మీద శ్రీరంగపట్నం యుద్ధంలోనూ, 1803లో మరాఠాల మీద అస్సాయి యుద్ధంలోనూ పాల్గొన్న ఆర్థర్ వెల్లెస్లీయే తరవాత వెల్లింగ్టన్ ప్రభువు అయ్యాడు. ఆయన వేసుకున్నది తోలు బూటు. చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరుని గంధకంతో కలిపి వేడిచేసి గట్టిపరిచే పద్ధతి కనిపెట్టాక, 1853లో హైరమ్ హచిన్సన్ అనే అమెరికన్ ఫ్రాన్సు వెళ్ళి రబ్బరు బూట్ల కంపెనీ పెట్టాడు. అప్పటిదాకా చెక్క జోళ్ళతో పొలాల్లో తిరిగిన అక్కడి రైతులకి కాళ్ళు తడవకుండా ఇంటికి రావడం అలా అలవాటైంది.

గమ్‌బూటు కొనేటప్పుడు రెండు సంగతులు చూడండి. మొదటిది, అది అసలు రబ్బరా, పి.వి.సి.నా? పి.వి.సి. చవక, వానకాలానికి చాలు. కానీ గట్టి చలికి అది బిరుసెక్కుతుంది. వంగే చోట, అంటే చీలమండ దగ్గరా వేళ్ళ మడత దగ్గరా, పగుళ్ళిస్తుంది. సహజ రబ్బరు చలిలో కూడా మెత్తగా వంగుతుంది. రెండోది, బూటు అడుగు. బురదలో పనికొచ్చే అడుగుకి గాళ్ళు లోతుగా, ఎడంగా ఉండాలి. సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటే మట్టి వాటిల్లో కూరుకుపోతుంది, అడుగు పలకలా నున్నగా అయిపోతుంది. అప్పుడు ఎంత ఖరీదైన బూటైనా ఒక్కటే.

ఇక మంచు. ఇక్కడ మనవాళ్ళల్లో ఒక భ్రమ ఉంది. 'వింటర్ బూట్' అని రాసి ఉంటే అది మంచుమీద జారదు అనుకుంటాం. ఆ మాటకి అర్థం వెచ్చగా ఉంటుందని మాత్రమే. వెచ్చదనం వేరు, పట్టు వేరు. కెనడాలో టొరంటో రీహాబ్ పరిశోధకుల దగ్గర ఒక ప్రయోగశాల ఉంది. మంచు పరిచిన నేలని కొంచెం కొంచెంగా ఏటవాలు చేస్తూ, దానిమీద మనుషుల్ని తాళ్ళ ఆసరాతో నడిపించి, ఏ బూటు ఎక్కడ జారుతుందో చూస్తారు. 2016లో వాళ్ళు ప్రకటించిన ఫలితాల్లో 98 రకాల చలికాలపు బూట్లు పరీక్షిస్తే కనీసపు పట్టు ఉన్నవి నూటికి పది కూడా తేలలేదు. అన్నీ బజార్లో అమ్మే బూట్లే!

మంచులో కూడా రకాలున్నాయి. సున్నా ఫారన్‌హీట్ దగ్గర, బాగా బిగుసుకున్న రోజున మంచు కాస్త గరుకుగానే ఉంటుంది. 32 డిగ్రీల దగ్గర, పైన పల్చగా నీటిపొర ఉన్న మంచే అన్నిటికంటే ప్రమాదం. అంటే "అబ్బ, ఇవాళ చలి తగ్గింది" అని మనం సంతోషించే రోజే జారే రోజన్నమాట. ఆ తడి మంచు మీద ఏ రబ్బరు అడుగునీ పూర్తిగా నమ్మలేం. దానికి ఇనుప ములికి ఉండాలి.

బూటు మీద తొడుక్కునే రబ్బరు పట్టీలు మీరు చూసే ఉంటారు. వాటిల్లో రెండు రకాలు. స్ప్రింగులా చుట్టిన తీగ ఉన్నవి తొక్కి గట్టిపడ్డ స్నో మీద బాగా పనిచేస్తాయి. చిన్న ఉక్కు ములుకులు ఉన్నవి అద్దంలాంటి మంచు మీద పనిచేస్తాయి. గూటి దగ్గర మనకి ఎక్కువగా ఉండేది రెండో రకం మంచు. ఎందుకంటే అది ఆకాశం నుంచి పడింది కాదు, మనం పోసింది. గడ్డకట్టిన నీళ్ళ తొట్టిని తిరగేసి కొడతాం, వేడినీళ్ళు పోస్తాం, బకెట్టు తొణుకుతుంది. ఆ నీళ్ళన్నీ సరిగ్గా మనం నిలబడే చోటే గడ్డకడతాయి. అందుకని పాత నీళ్ళని దారికి దూరంగా, గూటికి అవతలి పక్కన పారబొయ్యండి. కరెంటుతో వెచ్చగా ఉండే నీళ్ళ తొట్టి పెట్టుకుంటే మోసే బకెట్లే తగ్గుతాయి.

ఒక జాగ్రత్త. డ్రైవ్‌వే మీద చల్లే ఉప్పు కోళ్ళు తిరిగే చోట చల్లకండి. కోళ్ళు చిన్న రాళ్ళు ఏరుకుని మింగుతాయి కదా, ఉప్పు పలుకుల్ని కూడా అలాగే ఏరుకుంటాయి. ఎక్కువ ఉప్పు కోడి ఒంటికి విషం. దాని బదులు ముతక ఇసక చల్లండి. కాలికి పట్టు దొరుకుతుంది, కోళ్ళకీ ఇబ్బంది లేదు.

మూడోది రెట్ట. ముగ్గురిలో దీన్నే మనం అసలు లెక్కచెయ్యం, ఎందుకంటే దీనివల్ల ఎవరూ పడిపోరు. కానీ నా ఉద్దేశంలో బూట్లు ఎన్నుకోడానికి అసలు కొలబద్ద ఇదే.

కోడి పైకి ఎంత ఆరోగ్యంగా కనబడినా దాని రెట్టలో సాల్మొనెల్లా క్రిములు ఉండొచ్చు. అయిదేళ్ళలోపు పిల్లలకీ, అరవైఅయిదు దాటినవాళ్ళకీ ఆ జబ్బు గట్టిగా తగులుతుంది. అందుకే ఈ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థ, సి.డి.సి., పెరటి కోళ్ళు ఉన్నవాళ్ళకి కచ్చితంగా చెప్పే మాట: కోళ్ళ పనికి వేరే జోడు పెట్టుకోండి, దాన్ని ఇంట్లోకి తీసుకురాకండి.

"ఇది మనకి వేరే చెప్పాలా, మనం ఎప్పుడూ చెప్పులు బయటే విడుస్తాం కదా" అంటారు మీరు. నిజమే, గుమ్మం బయట చెప్పులు విడవడం మనకి ఒకరు నేర్పక్కర్లేదు. కానీ ఇక్కడి చలికాలంలో ఏం జరుగుతోందో ఒకసారి చూడండి. బయట వదిలితే బూట్లు గడ్డకడతాయని గుమ్మం లోపలికి తెస్తాం. తలుపు పక్కన చాప మీద పెడతాం. దానికి అంటుకున్న మంచు కరిగి, రెట్ట కలిసిన నీళ్ళు గచ్చు మీద పారతాయి. అదే గచ్చు మీద పాకే పసిపిల్లాడు చెయ్యి పెట్టి, ఆ చెయ్యి నోట్లో పెట్టుకుంటాడు. ఆచారం అలాగే ఉంది, కానీ గడప మాత్రం అయిదడుగులు లోపలికి జరిగింది!

దీనికి రెండో వైపు కూడా ఉంది. మన కాళ్ళతో జబ్బు ఇంట్లోకి రావడమే కాదు, బయటి జబ్బు గూట్లోకీ వెళుతుంది. ఇండియాలో కోళ్ళు పెంచిన ఇళ్ళల్లో కొక్కెర తెగులు పేరు తెలియనివాళ్ళుండరు. ఒక ఇంట్లో మొదలైతే వీధంతా ఖాళీ అయ్యేది. ఇప్పుడు ఈ దేశంలో ఆ స్థానం బర్డ్ ఫ్లూది. 2022 ఫిబ్రవరిలో మిషిగన్‌లో అది మొదట బయటపడింది పెద్ద ఫారంలో కాదు, కలమజూ కౌంటీలో ఒకరి పెరటి కోళ్ళల్లో. 2022 నుంచి 2025 దాకా దేశం మొత్తం మీద 16 కోట్లకు పైగా పక్షులు దీనివల్ల పోయాయి. ఒక పెట్టకి సోకిందని తేలితే ఆ పెరట్లో ఉన్న అన్నిటినీ చంపెయ్యాల్సిందే. పేర్లు పెట్టి పెంచుకున్న పిల్లలకి ఆ మాట ఎలా చెబుతాం?

ఆ వైరస్ ఎక్కువగా తిరిగేది నీటిపక్షుల్లో, అంటే బాతుల్లో, గీస్‌లలో. మన సబ్‌డివిజన్లలో చెరువు లేని చోటుందా, ఆ చెరువు చుట్టూ గీస్ లేని రోజుందా? సాయంత్రం పెద్దవాళ్ళు ఆ చెరువు చుట్టూ నాలుగు రౌండ్లు నడుస్తారు. గీస్ రెట్ట తొక్కుతారు. అదే బూట్లతో అటునుంచి అటే గూట్లోకి వెళ్ళి గుడ్లు తీస్తారు. చలిలో, తడిలో ఆ వైరస్ ఎక్కువ రోజులు బతుకుతుంది కనుక చలికాలంలోనే ఈ భయం ఎక్కువ. పెద్ద ఫారాల వాళ్ళు మందు కలిపిన నీళ్ళ తొట్టిలో బూట్లు ముంచి లోపలికి వెళతారు. మన పెరట్లో ఆ తొట్టి జనవరిలో గడ్డకట్టి కూర్చుంటుంది. పైగా బూటుకి రెట్ట అంటుకుని ఉండగా మందు సరిగా పనిచెయ్యదు, ముందు బ్రష్‌తో రుద్ది కడిగితేనే ఫలితం. ఇవన్నీ రోజూ చెయ్యగలిగేవి కావు. రోజూ చెయ్యగలిగింది ఒక్కటే: బూట్లు మార్చుకోవడం.

ఇప్పుడు ఈ మూడింటినీ కలిపి చూడండి. గూటి జోడు ఒకటి వేరే పెట్టుకుని, అది ఎప్పటికీ ఇంట్లోకి రాదు, వీధిలోకి పోదు అని నియమం పెట్టుకుంటే మిగతా చిక్కులు వాటంతట అవే విడిపోతాయి. మంచు ములుకులతో అందరికీ ఉండే ఇబ్బంది ఏమిటి? ఇంట్లో నున్నటి టైల్స్ మీద అవి మంచుకంటే ఎక్కువ జారతాయి, చెక్క నేలని గీకేస్తాయి, అందుకని వెళ్ళేటప్పుడల్లా తొడగాలి, వచ్చినప్పుడల్లా తియ్యాలి. నాలుగు రోజులు చేసి అయిదో రోజు బద్ధకిస్తాం. ఆ అయిదో రోజే పడతాం. గూటి జోడు ఇంట్లోకే రాదు కనుక డిసెంబరులో ఒకసారి ములుకులు తగిలిస్తే మార్చి దాకా వాటిని తియ్యక్కర్లేదు. గరాజ్ సిమెంటు మీద కూడా ములుకు జారుతుంది కాబట్టి అక్కడో రబ్బరు చాప పరిచి, దానిమీదే వేసుకుని, దానిమీదే విడవండి. ఇక అందం సంగతంటారా, చూసేది కోళ్ళే కదా, అవి ఏమీ అనుకోవు.

ఈ జోడు చాలా ఖరీదైనది కానక్కర్లేదు. నియోప్రీన్ పొర ఉన్న రబ్బరు బూట్లు వెచ్చగా ఉంటాయి, బురదకీ మంచుకీ కూడా సరిపోతాయి, కాకపోతే ధర ఎక్కువ. అంత పెట్టలేకపోతే మామూలు రబ్బరు బూటుని ఒక సైజు పెద్దది కొని, లోపల మందమైన ఫెల్ట్ అట్ట వేసి, ఉన్ని మేజోళ్ళు తొడుక్కోండి. నూలు మేజోళ్ళు చెమటని పీల్చి తడిగా ఉండిపోతాయి, ఉన్ని తడిసినా కొంత వెచ్చగా ఉంచుతుంది. బూటు బిగుతుగా మాత్రం ఉండకూడదు. నెత్తురు సరిగ్గా ఆడకపోతే ఎంత మందమైన బూట్లోనైనా వేళ్ళు కొంకర్లు పోతాయి.

ఇండియా నుంచి వచ్చే పెద్దవాళ్ళ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఊళ్ళో కోళ్ళని పెంచిన అలవాటు ఉంటుంది కనుక వాళ్ళు ఉన్నన్నాళ్ళూ ఆ పని వాళ్ళదే అవుతుంది. వద్దన్నా వినరు. మనం ఆఫీసుకి వెళ్ళగానే మేజోళ్ళ మీదే హవాయి చెప్పులు తొడుక్కుని, శాలువా కప్పుకుని బయల్దేరతారు. వాళ్ళు దిగే రోజుకే వాళ్ళ సైజు బూట్లు గరాజ్‌లో సిద్ధంగా ఉండాలి. చాలా రబ్బరు బూట్లు మగవాళ్ళ సైజుల్లోనే వస్తాయి. ఆడవాళ్ళ సైజు నుంచి సుమారు ఒకటిన్నర తగ్గించి చూసుకోండి; అమ్మగారిది 8 అయితే మగవాళ్ళ సైజులో ఆరున్నర. వెడల్పు పాదాలుంటే 'వైడ్' అని రాసినవి వెతకండి.

మోకాలి దాకా ఉండే బూట్లు పెద్దవాళ్ళకి వద్దు. తొడగడం కష్టం, తియ్యడం మరీ కష్టం. ఒంటికాలి మీద నిలబడి, గోడ పట్టుకుని, బూటు లాగుతూ పడిపోవడానికి మంచు కూడా అక్కర్లేదు. పిక్క సగం దాకా వచ్చేవి, పైన పట్టుకుని లాగడానికి చెవులున్నవి చూడండి. చాప పక్కన ఒక గట్టి కుర్చీ వెయ్యండి. మడమ ఇరికించి బూటు ఊడదీసే చెక్క ఒకటి దొరుకుతుంది, కూర్చుని దాంతో తీస్తే వంగే పని లేదు, చేతికి రెట్ట అంటదు.

షుగరు ఉన్నవాళ్ళకి ఇంకో మాట. ఏళ్ళ తరబడి షుగరు ఉంటే కొందరికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. చలికి వేళ్ళు మొద్దుబారినా, బూట్లో గింజో రాయో ఉండి గుచ్చుకుంటున్నా తెలియదు. తెలిసేసరికి పుండు పడుతుంది. తొడిగే ముందు బూటుని తిరగేసి దులపాలి, లోపల చెయ్యి పెట్టి చూడాలి. ఇంట్లోకి వచ్చాక పాదాలు చూసుకోవాలి. చల్లబడిన పాదాల్ని హీటరు ముందు పెట్టి కాచుకోవడం వాళ్ళకి అస్సలు పనికిరాదు, కాలినా తెలియదు కనుక.

నడక గురించి కూడా ఒక ముక్క. పెంగ్విన్ నడుస్తుంది చూడండి, అలాగ. చిన్న చిన్న అంగలు, పాదం మొత్తం ఒకేసారి ఆనాలి, ఒళ్ళు కాస్త ముందుకి. మడమ ముందు పెడితే జారతాం. రెండు చేతుల్లో రెండు బకెట్లు వద్దు, ఒక చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. గుడ్లకి భుజాన వేసుకునే సంచి మేలు.

చివరగా, రోజూ ఒక్క నిమిషం పని. గూటి నుంచి వచ్చాక రెండు బూట్లనీ గట్టిగా నేలకేసి దులిపి, అడుగున ఉన్న మట్టిని పుల్లతోనో బ్రష్‌తోనో తీసెయ్యండి. సాయంత్రం గాళ్ళల్లో ఉండిపోయిన బురద రాత్రికి గడ్డకడితే, పొద్దున్నకి అది బూటు కాదు, స్కేటు. లోపల తడిసిందా, పాత పేపర్లు ఉండలు చుట్టి కూరండి, తెల్లారేసరికి తడి లాగేస్తాయి. హీటరు పక్కన పెడితే రబ్బరు పాడవుతుంది. ఇంట్లోకి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అన్నారు పెద్దలు. కోళ్ళు పెంచేవాళ్ళకి అడుసు తొక్కక తప్పదు, రోజుకి రెండుసార్లు తొక్కాలి. తొక్కిన కాలితో గడప దాటకుండా ఉండటమే మన చేతిలో ఉంది. ఈ శని, ఆదివారాల్లో ఒకసారి గరాజ్‌లోకి వెళ్ళి చూడండి. గూటికని వేరుగా ఒక జోడు లేకపోతే, మొదటి స్నో పడకముందే కొనుక్కోండి. అమ్మానాన్నలు వస్తుంటే వాళ్ళకీ చెరో జోడు.

మళ్ళీ వారం కలుసుకుందాం. అందాకా జాగ్రత్తగా నడవండి. సెలవు.